అప్పుల సలహాతో నిజంగా ఊరట ఉంటుందా?

(అప్పుల్లో ఉన్న కుటుంబాలకు సాయపడేందుకు ముందుకొచ్చిన చెన్నై తెలుగు వాలంటీర్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెరంబూరు, కొరుక్కుపేట మొదలుకొని షోలింగనల్లూరు దాకా ఉన్న మన తెలుగు కుటుంబాలకు చేతనైన సాయం చేయాలని మీరంతా వచ్చారు. పనిలోకి దిగేముందు ఒక ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవాలి. అప్పుల్లో కూరుకుపోయిన మనిషితో మనం కూర్చుని మాట్లాడితే ఆ ఇంటి లెక్కలు బాగుపడతాయా? ఆ మనిషికి రాత్రి నిద్ర పడుతుందా?

రెండూ జరుగుతాయి. కానీ మాటల వల్ల జరగవు. మన సలహా బ్యాంకుకు రాసిన ఉత్తరంగానో, తగ్గిన వాయిదాగానో, మూతపడిన ఖాతాగానో మారితేనే జరుగుతాయి. ఇంకో సంగతి, ఆ రెండూ ఒకేసారి జరగవు. మనసు కొన్ని వారాల్లోనే తేలికపడుతుంది. లెక్కలు చక్కబడటానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఉండే కాలంలోనే చాలామంది జారిపోతారు. అందుకే నేను ఎక్కువసేపు ఆ మధ్యకాలం గురించే మాట్లాడతాను.

ముందు ఆధారాలు చూద్దాం. 'డబ్బు గురించి పాఠాలు చెబితే జనం మారతారు' అనే నమ్మకం చాలా గట్టిది. 2014లో ఇలాంటి ఆర్థిక విద్య మీద వచ్చిన 201 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. మనుషుల డబ్బు అలవాట్లలో కనిపించే తేడాల్లో ఆ పాఠాలకు ఆపాదించగలిగింది 0.1 శాతం మాత్రమే. ఎన్నో గంటలు నడిపిన కోర్సుల ప్రభావం కూడా 20 నెలలు తిరిగేసరికి దాదాపు ఉండటం లేదు. కాబట్టి హాలు తీసుకుని, ప్రొజెక్టర్ పెట్టి, పొదుపు మీద ఉపన్యాసం ఇచ్చే కార్యక్రమం మన పని కాదు.

అలాగని అప్పు మొత్తం కొట్టేస్తే అన్నీ సర్దుకుంటాయా? 2008లో కేంద్రం రైతుల అప్పులు మాఫీ చేసింది. 2 హెక్టార్ల లోపు ఉన్నవాళ్ళకు పూర్తిగా, ఆపైన ఉన్నవాళ్ళకు 25 శాతం. గుజరాత్ రైతు కుటుంబాల మీద తర్వాత చేసిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, అప్పు తగ్గింది కానీ పెట్టుబడి పెరగలేదు, దిగుబడీ పెరగలేదు. మరో పక్క సింగపూర్ అధ్యయనం ఉంది, 2019లో ప్రచురించారు. ఒక స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాల పాత బాకీలను 5,000 సింగపూర్ డాలర్ల దాకా తానే కట్టేసింది. అలా సాయం అందుకున్న 196 మందిని ముందూ, తర్వాతా పరీక్షించారు. ఆందోళన తగ్గింది, ఏకాగ్రత, నిర్ణయాలు తీసుకునే తీరు మెరుగుపడ్డాయి. మనకు పనికొచ్చే విషయం ఇక్కడుంది. ఎంత మొత్తం తీరిందన్న దానికంటే, ఎన్ని ఖాతాలు పూర్తిగా మూతపడ్డాయన్నదే మనసు మీద ఎక్కువ ప్రభావం చూపింది. ఆరుగురికి బాకీ ఉన్న మనిషి ఆరు తేదీలు, ఆరు ఫోన్లు, ఆరు అబద్ధాలు తలలో మోస్తూ తిరుగుతాడు. అందులో రెండు పోతే తలలో మూడో వంతు ఖాళీ అవుతుంది.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చేద్దాం. ఇది ఊహించిన ఇల్లే, కానీ ఇందులోని ప్రతి అంకె మీకు రోజూ ఎదురయ్యేదే. భర్త వ్యాన్ డ్రైవరు, 24,000. భార్య కుట్టుపని, 9,000. మొత్తం 33,000. బాకీలు ఇవి. క్రెడిట్ కార్డు మీద లక్ష, కనీస చెల్లింపు 5,000. పర్సనల్ లోను, నెలకు 6,200, ఇంకా 14 నెలలు. నగల మీద 60,000, రూపాయి వడ్డీ, నెలకు 600. తండల్ అప్పు, అంటే రోజూ కొంత చొప్పున వసూలు చేసేది, 20,000, రోజుకు 200, అంటే నెలకు 6,000. మహిళా సంఘం అప్పు, నెలకు 2,600, ఇంకా ఐదు నెలలు. రిజిస్టర్డ్ చీటీ 50,000ది, ఇంకా పాడుకోలేదు, నెలకు 2,000. కూడితే 22,400.

ఇక ఖర్చులు. అద్దె 8,000, తిండి 9,500, కరెంటు గ్యాసు 2,000, పిల్లల చదువు, రాకపోకలు 4,000, మందులు 1,000. మొత్తం 24,500. అంటే ఈ ఇల్లు అప్పులకు కట్టగలిగింది నెలకు 8,500. కట్టాల్సింది 22,400. ప్రతి నెలా 13,900 తక్కువ పడుతోంది. ఆ తక్కువపడ్డదే కొత్త అప్పుగా పుడుతోంది. మొదటి రోజు మీరు చేయాల్సిన పని ఈ ఒక్క అంకె తేల్చడం. 'ఖర్చు తగ్గించుకోండి' అని చెప్పి పంపకండి. ఈ ఇంట్లో టీ మానేసినా, కేబుల్ తీసేసినా 13,900 రాదు. ఆ మాట విన్న మనిషి తప్పు తనదేననుకుని రెండోసారి రాడు.

బాకీలను పెద్దదా చిన్నదా అని కాదు, వడ్డీ రేటు, కట్టకపోతే వచ్చే నష్టం, ఈ రెండింటిని బట్టి వరసపెట్టాలి. తండల్ చూడండి. కాగితం మీద 20,000, చేతికి వచ్చింది 17,000. వంద రోజులు రోజుకు 200. జనం దీన్ని 'పదిహేను శాతం' అనుకుంటారు. అసలు రోజురోజుకూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి నిజానికి అది నూటికి నెలకు దాదాపు పది రూపాయల వడ్డీ. కార్డు విషయానికొస్తే, నెలకు మూడున్నర శాతం అయితే లక్షకు 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630. కనీస చెల్లింపు 5,000 కడితే అసలులో తగ్గేది 870. అదీ కార్డు మళ్ళీ గీకకపోతేనే.

ఇక్కడ చీటీ ఉపయోగపడుతుంది. పాడుకుంటే తగ్గింపు పోను 40,000 వచ్చిందనుకుందాం. చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ 7 శాతం దాకా ఉండొచ్చని చట్టం చెబుతుంది, అదీ ఆ తగ్గింపులోనే కలిసి ఉంటుంది. హామీ సంతకం ఎవరు పెడతారో పాటకు ముందే చూసుకోవాలి. చాలా ఇళ్ళలో చీటీ పాడుకున్న తర్వాత షూరిటీ దొరక్క డబ్బు నెలల తరబడి ఆగిపోతుంది. వచ్చిన 40,000లో తండల్‌కు మిగిలిన 70 రోజుల 14,000 కట్టేస్తే ఆ ఖాతా మూతపడింది. మిగతా 26,000 కార్డుకు. కార్డు బాకీ 74,000కు దిగింది.

తర్వాత నగలు. రూపాయి వడ్డీయే కదా, అది చౌక అప్పే, ఎందుకు కదపాలి అని అడుగుతారు. నిజమే, వడ్డీ చౌక. కానీ ఏడాది తిరిగేసరికి అసలుతో సహా కట్టాలి, ఈ ఇంట్లో ఆ 60,000 వచ్చే దారి లేదు. అప్పుడు వేలానికి పోతుంది. అంతకంటే ముందే అమ్మితే 85,000 వస్తుందనుకుంటే, బాకీ తీరి 25,000 మిగులుతుంది. ఈ నిర్ణయం మాత్రం ఆవిడది. భర్త పక్కన కూర్చోబెట్టి అడగకండి, విడిగా మాట్లాడండి. ఆవిడ వద్దంటే వద్దు, వేరే దారి వెతకాలి. సరేనంటే ఆ 25,000 కూడా కార్డుకే. బాకీ 49,000 అయింది. దాన్ని 16 శాతం వడ్డీకి 36 నెలల ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడిగితే నెలకు 1,723.

పర్సనల్ లోను 18 శాతం మీద నడుస్తోందనుకుందాం. మిగిలిన 14 నెలలను 30 నెలలకు పొడిగించమని అడగాలి. 6,200 కాస్తా 3,240కి దిగుతుంది. ఉచితంగా కాదు, మొత్తం మీద పదివేలకు పైగా వడ్డీ ఎక్కువ కట్టాలి. అది వాళ్ళకు ముందే చెప్పాలి, కాగితం మీద వేసి చూపించాలి. ఇప్పుడు కూడండి. 1,723, 3,240, సంఘానికి 2,600, చీటీకి 2,000. మొత్తం 9,563. కట్టగలిగింది 8,500. ఇంకా 1,063 తక్కువే. అయితే సంఘం అప్పు ఐదు నెలల్లో తీరుతుంది, అప్పటినుంచీ 1,500 పైన మిగులు మొదలవుతుంది. కాబట్టి ఈ ఇంటికి కావాల్సింది ఐదు నెలల పాటు నెలకు వెయ్యి పైచిలుకు. ఓవర్‌టైమ్‌తోనో, దగ్గరి బంధువు దగ్గర చేబదులుతోనో అది గట్టెక్కవచ్చు. సంఘం అప్పు మాత్రం ఆపమని చెప్పకండి. మనం ఆపితే ఆ భారం గ్రూపులో మిగతా ఆడవాళ్ళ మీద పడుతుంది, ఆవిడ వీధిలో తలెత్తుకోలేదు.

13,900 లోటు 1,063కు వచ్చింది చూశారా, అందులో 'సలహా' అనదగ్గది ఎంత? చీటీ పాట, నగల అమ్మకం, బ్యాంకుకు రెండు దరఖాస్తులు. పనంతా వాటిలో ఉంది. బ్యాంకు మొదటిసారి ఒప్పుకోదు కూడా. బ్రాంచిలో నోటిమాటగా అడిగితే కాదంటారు. ఆదాయం, ఖర్చు, బాకీల పట్టిక, తాము కట్టగలిగిన మొత్తం రాసి ఈమెయిల్‌లో పంపాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సబబుగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. 2021 నుంచి అన్నిటికీ ఒకే పథకం, ఒకే పోర్టల్. సమాచారానికి 14448. వాయిదాలు తగ్గించి తీరాలని అంబుడ్స్‌మన్ ఆదేశించరు, అది బ్యాంకు ఇష్టం. కానీ తప్పుడు ఛార్జీలు, వేధింపులు, జవాబివ్వకపోవడం లాంటివి వాళ్ళ పరిధిలోకే వస్తాయి. ఆలస్యానికి వేసే జరిమానా గురించి కూడా చూడండి. 2024 ఏప్రిల్ నుంచి ఇచ్చిన కొత్త అప్పుల్లో జరిమానాను వడ్డీ రూపంలో వేయకూడదు, ఆ జరిమానా మీద మళ్ళీ వడ్డీ వేయకూడదు. స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే తప్పులు దొరుకుతూనే ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఎక్కడంటే, కార్డును ఈఎంఐలుగా మార్చిన తర్వాత. బాకీ తగ్గగానే కార్డులో పరిమితి మళ్ళీ ఖాళీగా కనిపిస్తుంది. ఆర్నెల్లలో ఒక ఆస్పత్రి ఖర్చో, ఒక పెళ్ళో వస్తుంది, మళ్ళీ గీకుతారు. అప్పుడు ఈఎంఐ ఒకటి, కొత్త బాకీ ఒకటి. ఇది క్రమశిక్షణ లేక కాదు, ఇంట్లో అత్యవసరానికి వెయ్యి రూపాయలు కూడా విడిగా లేక. అందుకే మార్చిన రోజే పరిమితిని తగ్గించమని రాయించాలి. మిగులు మొదలైన నెల నుంచి ముందు ఒక పదివేలు విడి ఖాతాలో చేరేదాకా, ఏ అప్పునూ త్వరగా తీర్చేయాలని తొందరపడకూడదు. ఈ మాట అంటే చాలామంది ఒప్పుకోరు. 'వడ్డీ కడుతూ పొదుపేమిటి' అంటారు. లెక్క ప్రకారం వాళ్ళదే ఒప్పు. కానీ ఆ పదివేలు లేని ఇల్లు మళ్ళీ తండల్ దగ్గరికే పోతుంది.

ఇక మనసు సంగతి. అప్పుల మనిషిని ముందు కుంగదీసేది వడ్డీ కాదు, ఫోను. రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, బంధువులకూ స్నేహితులకూ చెప్పి పరువు తీయకూడదు. ఇంటికి వచ్చిన ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడిగి చూడాలి. ఈ సంగతి తెలిసిన మనిషి గొంతు మారిపోతుంది. అయితే ఫోన్ నంబరు మార్చేయమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు. నంబరు మారిస్తే ఎగ్గొట్టాడని నమోదు చేస్తారు, నోటీసులు చేరవు, కేసు మన వెనక నడుస్తుంది. దానికి బదులు ఇలా చేయించండి: వచ్చిన ప్రతి కాల్ తేదీ, సమయం ఒక పుస్తకంలో రాయాలి. తర్వాత 'ఇకమీదట ఈమెయిల్‌లో మాత్రమే సంప్రదించండి, ఫలానా తేదీకి ఇంత కడతాను' అని ఒకే ఈమెయిల్ పంపాలి. ఆ తేదీకి చెప్పింది చెప్పినట్టు కట్టాలి, 500 అయినా సరే.

జైలు భయం గురించీ నిజం నిజంగా చెప్పాలి. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. కానీ చెక్కు తిరిగివస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు, రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా పోవాల్సిన ఈఎంఐ బౌన్స్ అయినా 2007 నాటి చెల్లింపుల చట్టం కింద అలాంటి కేసే వస్తుంది. నోటీసు అందిన 15 రోజుల్లోగా ఆ మొత్తం కడితే కేసు ఉండదు. 'ఏం కాదులే' అని ధైర్యం చెప్పడం సలహా కాదు. ఆ 15 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో నోటీసు చేతికందిన తేదీ చూసి చెప్పడం సలహా. లాయరు ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

తండల్, కందు వడ్డీ, మీటర్ వడ్డీ, గంట వడ్డీ, ఈ అధిక వడ్డీ పద్ధతులన్నీ తమిళనాడులో 2003 చట్టం పేరుపెట్టి నిషేధించినవే. మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. బలవంతపు వసూళ్ళ మీద 2025లో ఇంకో చట్టం కూడా వచ్చింది. అయినా వెంటనే పోలీసు స్టేషన్‌కు వెళ్ళమని నేను చెప్పను. అదే వీధిలో బతకాల్సిన కుటుంబం కదా. ముందు ఆ కుటుంబం అప్పిచ్చినవాడికి ఇచ్చిన ఖాళీ చెక్కులు, సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు ఎన్ని ఉన్నాయో అడగండి. బాకీ తీర్చిన రోజున వాటిని వెనక్కి తీసుకుని చింపేయకపోతే, తీరిన అప్పే ఏడాది తర్వాత కోర్టు నోటీసుగా తిరిగొస్తుంది.

ఇంగ్లాండ్, వేల్స్‌లో 2021 మే నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. అప్పుల సలహాదారు ద్వారా దరఖాస్తు చేసుకుంటే 60 రోజుల పాటు చాలా అప్పుల మీద వడ్డీ, ఛార్జీలు, వసూలు చర్యలు ఆగుతాయి. మానసిక సంక్షోభానికి చికిత్సలో ఉన్నవాళ్ళకైతే చికిత్స నడిచినంత కాలం, ఆపైన 30 రోజులు. అక్కడ సలహాకు బలం ఆ చట్టం నుంచి వస్తుంది. మన దగ్గర 2016 దివాలా స్మృతిలో చిన్న అప్పుల వాళ్ళకు కొత్త జీవితం ఇచ్చే భాగం రాసిపెట్టి ఉంది కానీ, మామూలు వ్యక్తులకు దాన్ని అమల్లోకి తేలేదు. చెన్నైలో ఇప్పటికీ 1909 నాటి దివాలా చట్టం కింద హైకోర్టుకే పోవాలి. కాబట్టి ఆ 60 రోజుల ఊపిరి ఇక్కడ మనమే, ఒక్కో అప్పిచ్చినవాడితో విడివిడిగా మాట్లాడి సంపాదించాలి. దానికి నాకు చాలా బాధగా ఉంటుంది, ఇది మారాలని గట్టిగా కోరుకుంటాను.

'మీ అప్పు సగానికి సెటిల్ చేయిస్తాం, ముందు వాయిదాలు ఆపేయండి, మా ఫీజు కట్టండి' అనేవాళ్ళు ఫోన్లో దొరుకుతారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి వచ్చినవాళ్ళే మీ దగ్గరికి ఎక్కువగా వస్తారు. సెటిల్‌మెంట్ తప్పు కాదు, కొన్నిసార్లు అదే దారి. కానీ బ్యాంకు నుంచి మొత్తం, తేదీ ఉన్న ఉత్తరం చేతికి రాకముందు రూపాయి కట్టకూడదు. కట్టేది లోను ఖాతాలోనే, ఏజెంటు యూపీఐకి కాదు. తర్వాత బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, కనీసం ఏడాది పాటు ఆ బ్యాంకు మళ్ళీ అప్పివ్వదు. ఇదంతా ముందే చెప్పాలి.

మీ ముందు కూర్చున్న మనిషి 'నేను లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బుతో అన్నీ తీరిపోతాయి' అంటే, లెక్కల కాగితం పక్కన పెట్టేయండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. మానసిక సాయం అందించే టెలిమానస్ ఫోన్ సేవ 14416, రోజంతా పనిచేస్తుంది. 1986 నుంచి చెన్నైలోనే ఉన్న ఆత్మహత్యల నివారణ సంస్థ స్నేహ కూడా ఉంది. మీరే డయల్ చేసి ఇవ్వండి, ఇంట్లో ఒకరికి తెలిసేదాకా ఒంటరిగా పంపకండి.

చివరగా, మన సలహా పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ మనల్ని మనం మోసం చేసుకోవడం చాలా తేలిక. జనం మన దగ్గరికి వచ్చేది పరిస్థితి అడుగంటినప్పుడు. అక్కడినుంచి మనం ఏమీ చేయకపోయినా కొంతమంది కోలుకుంటారు. పైగా తలుపు తట్టి వచ్చినవాళ్ళు అప్పటికే మారాలని నిశ్చయించుకున్నవాళ్ళు. ఆ కోలుకోవడమంతా మన ఖాతాలో వేసుకోకూడదు. క్రెడిట్ స్కోరు కొలబద్ద చేయొద్దు, వాయిదాలు మార్పించుకున్న ఇంట్లో స్కోరు మొదట్లో తగ్గుతుంది, ఇల్లు బాగుపడుతున్నా సరే.

మొదటి రోజు, ఆరో నెల, పద్దెనిమిదో నెల, మూడుసార్లు ఐదు ప్రశ్నలు అడగండి. ఎన్ని బాకీ ఖాతాలు ఉన్నాయి? నెలకు లోటు ఎంత? గత మూడు నెలల్లో కొత్త అప్పు చేశారా? డబ్బు లేక మందులో, ఒక పూట తిండో మానేశారా? వారంలో ఎన్ని రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు? ఫోన్ ఎత్తనివాళ్ళను, మధ్యలో రావడం మానేసినవాళ్ళను జాబితాలోంచి తీసేయకండి, 'తెలియదు' అని రాసి వాళ్ళనూ లెక్కలో ఉంచండి. ఫారాలు వెనక బల్ల మీద ఉన్నాయి. తెలుగులో, తమిళంలో రెండు రకాలూ ఉన్నాయి, మీ వీధికి సరిపడా తీసుకెళ్ళండి. మొదటి ఇంటికి వెళ్ళేముందు మీ ఇంటి లెక్క వేసి ఒకటి నింపి చూడండి, ఎక్కడ చెయ్యి ఆగుతుందో తెలుస్తుంది. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.